వాక్యం చివరిదాకా ఊపిరి

బెంగళూరు, శనివారం

పొద్దున్నుంచీ తుంపర. ఇలాంటి రోజున మా తెలుగు నటన క్లాసు జరిగే హాల్లో టైల్స్ మీద వట్టి కాళ్ళతో నిలబడలేం కాబట్టి అన్నిటికంటే ముందు ఫోమ్ మ్యాట్లు పరిచేయాలి. 12 మిల్లీమీటర్ల మందం చాలు, అంచులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. సాక్సులు వేసుకుంటే జారతారు, విప్పించాలి. మ్యాట్లున్నా ఇక్కడ గెంతులు పెట్టకూడదు. కింద సిమెంటు ఉన్నంతవరకు, పైన ఎంత మెత్తగా ఉన్నా ఆ అదురు మోకాలికే పోతుంది. చెక్క నేల ఉన్న హాలు దొరికిన రోజు చూసుకోవచ్చు.

ఏడున్నరకి అందరూ వెల్లకిలా పడుకున్నారు. మోకాళ్ళు మడిచి, పాదాలు తుంటి వెడల్పున నేల మీద ఆనించి, తల కింద పుస్తకాలు. మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తు చాలామందికి సరిపోతుంది. ఎక్కువైతే గడ్డం దిగి గొంతును నొక్కుతుంది, తక్కువైతే తల వెనక్కి వాలి మెడ ముందుభాగం లాక్కుపోతుంది. ఒంట్లో అనవసరపు బిగుతు వదిలించే ఎఫ్.ఎం. అలెగ్జాండర్ పద్ధతిలోది ఇది, నటన నేర్పే పెద్ద స్కూళ్ళు ఎన్నో దీన్ని పట్టుకున్నాయి. పదిహేను నిమిషాలు, కళ్ళు తెరిచే ఉండాలి. వారమంతా వైట్‌ఫీల్డ్‌లోనో మాన్యతా టెక్ పార్కులోనో స్క్రీన్ ముందు వంగి కూర్చుని శనివారం క్లాసుకొచ్చే పిల్లలకి ఇది దాటవేస్తే, ఆ తర్వాత చేసే గొంతు పనంతా బిగుసుకున్న మెడ మీదే జరుగుతుంది.

తర్వాత ఊపిరి. నాలుగంకెలు లెక్కపెట్టుకుంటూ ముక్కుతో పీల్చి, ‘స్‌స్‌స్’ అంటూ సన్నగా, ఒకే తీరుగా వదలాలి. మొదట్లో 15 సెకన్లు, కొన్ని వారాల సాధన తర్వాత 25. చేతులు కింది పక్కటెముకల మీద పెట్టుకుంటే అవి పక్కలకీ వెనక్కీ విచ్చుకోవడం తెలుస్తుంది. భుజాలు లేచాయంటే గాలి పైపైన తిరుగుతోందన్నమాట. ఇక్కడ ఎక్కువగా చెడేది పోటీ వల్ల. పక్కవాడికంటే మూడు సెకన్లు ఎక్కువ లాగాలని గొంతు బిగిస్తారు, ఛాతీ కూలిపోతుంది, ఒళ్ళు అదే నేర్చేసుకుంటుంది. శబ్దం వణికిన క్షణాన ఆపేయాలి. ఆ రోజుకి ఆ మనిషి కొలత అంతే.

ఊపిరి మీద ఇంత సమయం పెట్టడానికి కారణం తెలుగు వాక్యమే. మన క్రియ చివర్న వస్తుంది. ‘నేను రేపు మీ ఇంటికి’ అనేదాకా విన్న ప్రేక్షకుడికి ఇంకా అసలు సంగతి తెలియదు. వస్తాను, రాను, వద్దామనుకున్నాను, రమ్మంటే వస్తాను, వచ్చి తీరతాను. అవుననడం, కాదనడం, పని ఎప్పటిదన్నది, చాలాసార్లు ఎదుటివాళ్ళకి ఇచ్చే గౌరవం కూడా ఆ ఆఖరి నాలుగైదు అక్షరాల్లోనే ఉంటాయి. కొత్త నటుడికి సరిగ్గా అక్కడే గాలి అయిపోతుంది. వాక్యం మొదట్లో జోరుగా ఖర్చుపెట్టి చివర్ని మింగేస్తాడు. వెనక వరుసలకి ‘మీ ఇంటికి వ...’ మాత్రం చేరుతుంది. ‘గట్టిగా మాట్లాడు’ అంటే మొదటి మాటలు ఇంకా గట్టిగా అంటాడు, చివర ఇంకా తొందరగా పోతుంది. ఈ నోటు, అంటే నటుడికి చెప్పే ఈ సవరణ, ఇవ్వడం మానేయడం మంచిది.

ఇవాళ చేసింది వాక్యాన్ని వెనక నుంచి కట్టుకురావడం. ముందు స్క్రిప్టులో ప్రతి సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) కింద పెన్సిల్‌తో గీత. తర్వాత ఆ క్రియ ఒక్కటే పలకాలి: చెప్పలేదు. ఆ పైన ఒక్కో మాట ముందు చేర్చుకుంటూ రావాలి. నాకు చెప్పలేదు. ఎవరూ నాకు చెప్పలేదు. పొద్దున జరిగింది ఎవరూ నాకు చెప్పలేదు. వాక్యం ఎంత పెరిగినా చివరి మాట మొదటిసారి పలికినంత నిండుగా దిగాలి. ఊపిరి తీసుకోవడానికి మన భాషే చోట్లు ఇచ్చింది. వచ్చి, చూసి, అడిగేసరికి, అన్నాక... ఈ అసమాపక క్రియల దగ్గర ఆగితే అర్థం తెగదు. క్రియకి ముందున్న మాట దగ్గర ఆగితే మాత్రం తెగుతుంది. గాలి చాలక సరిగ్గా అక్కడే ఆగేవాళ్ళు క్లాసులో సగం మంది ఉంటారు.

ఈ సాధన అతి అయితే ఇంకో జబ్బు వస్తుంది. ప్రతి వాక్యం చివరా ఒకే దెబ్బ, వార్తలు చదివినట్టు. చివరి మాటకి కావలసింది మోత కాదు, మిగిలిన గాలి. గుసగుసగా అన్నా చేరాలి. అందుకే అదే డైలాగు మూడోసారి బాగా మెల్లగా చెప్పించాలి.

పద్యనాటకం వాళ్ళకి ఇది ఎవరూ విడిగా చెప్పనక్కర్లేకపోయింది. పద్యం ఆఖర్న రాగం తీయాలంటే అక్కడికి ఊపిరి దాచుకోక తప్పదు. 1885లో మొదలైన సురభి నాటకాల సంప్రదాయం ఇంకా బతికే ఉంది. గొంతు శిక్షణ అనగానే లండన్ పుస్తకాలే తెరవడం నాకు నచ్చదు. ఆ పుస్తకాల్లో మంచి విషయం బోలెడుంది, కానీ ఇంగ్లీషులో బలం మాటలో ఒక అక్షరం మీద పడుతుంది. మనకి తేడా తెచ్చేవి దీర్ఘమూ, ఒత్తూ, ల-ళల భేదమూ. కల, కళ, కల్ల, కళ్ళ. ఈ నాలుగూ వేగంగా, ఒకదానికొకటి అంటకుండా పలకగలిగితే నాలుక సిద్ధమైనట్టే.

బెంగళూరులో పుట్టి కన్నడంలో చదువుకున్న తెలుగు పిల్లలకి ‘ళ’, ‘ణ’ హాయిగా పలుకుతాయి. తడబాటు ‘చ’, ‘జ’ల దగ్గర. చలి, చుక్క, జడ, జోల అన్నప్పుడు నాలుక కొన పళ్ళ దగ్గర ఉంటుంది, చీర, జీతం అన్నప్పుడు అంగిలికి తగులుతుంది. కన్నడంలో రెండో రకమే వాడుక కాబట్టి అన్నీ అలాగే వస్తాయి. అద్దం ముందు పెట్టి జంటలుగా పలికిస్తే దారికొస్తుంది. కోలారు యాసని, అనంతపురం యాసని, హోసూరు యాసని మాత్రం ఎవరూ చెరిపేయకూడదు. యాస పాత్రకి ఆస్తి, స్పష్టత నటుడి బాధ్యత. రెండిటినీ ముడిపెట్టి యాస ఉన్నవాళ్ళని తక్కువ చేసే శిక్షణ అంటే నాకు కోపం.

మధ్యాహ్నం సాధనకి మాస్కులు బయటికి తీద్దామంటే గాలిలో తేమ. న్యూట్రల్ మాస్కుని, అంటే ఏ భావమూ చూపని ముఖాన్ని, ఇటలీలోని పాడువాకి చెందిన అమ్లేటో సార్తోరి తోలుతో చేసిచ్చాడు, ఫ్రెంచ్ నటన గురువు జాక్ లెకాక్ 1956లో పారిస్‌లో పెట్టిన స్కూల్లో దాన్ని శిక్షణకి పునాది చేశాడు. తోలుకి వానాకాలంలో బూజు పడుతుంది. పొడి నూలుగుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. ఇవాళ వాడలేదు.

దాని బదులు అమెరికన్ నటన గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ రిపిటీషన్. ఇద్దరు ఎదురెదురుగా, మూడడుగుల దూరంలో. ఒకరు ఎదుటివాళ్ళలో కనిపించింది అంటారు, రెండోవాళ్ళు అదే తిప్పి అంటారు. ‘నవ్వుతున్నావు.’ ‘నవ్వుతున్నాను.’ తెలుగులో మనిషి మారితే క్రియ తోకా మారాలి కాబట్టి కొత్తవాళ్ళు ఎదుటి ముఖం వదిలేసి వ్యాకరణంలో పడిపోతారు. అందుకే మొదటి ఐదు నిమిషాలు మార్చకుండా ఉన్నదున్నట్టు తిప్పి అనమనాలి. ఆ తర్వాతే నేను, నువ్వు. ఇక ‘నవ్వుతున్నారు’ కాస్తా ‘నవ్వుతున్నావు’ అయ్యే క్షణం ఉంది చూడండి, ఇద్దరి మధ్య దూరం అక్కడికక్కడ కదులుతుంది. దాన్ని తొందరపెట్టి రప్పించకూడదు, వచ్చినప్పుడు ఆపనూ కూడదు.

సింగపూర్‌లోని ఇంటర్‌కల్చరల్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడేళ్ళ కోర్సులో కేరళ కూడియాట్టం, జపాన్ ‘నో’, చైనా బీజింగ్ ఒపేరా, జావా వయాంగ్ వాంగ్ నాటక రూపాలు నేర్పుతూ వచ్చారు. అన్నేసి రూపాలకి ఇక్కడ శని, ఆదివారాలు చాలవు. ఉన్న రెండు రోజుల్లో ఒక వాక్యాన్నయినా చివరిదాకా మోయడం నేర్పగలం.

రిహార్సల్‌లో నోట్స్ మనిషికి రెండే. ‘బాగుంది’ నోటు కాదు. ఏ డైలాగు, ఏ మాట దగ్గర ఏమైందో రాసుకుని చెప్పాలి. జేపీ నగర్ రంగశంకరలో నాటకం మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వరు, క్లాసుకీ ఆ నియమమే.

రేపు సీను మొత్తం మైకు లేకుండా. హాలు చివర ఇద్దరు గోడవైపు తిరిగి కూర్చుంటారు, నటుల పెదాలు కనపడకూడదు కాబట్టి. క్రియ వినపడని ప్రతిసారీ చెయ్యెత్తాలి. నటుడు ఆగి, ఆ వాక్యాన్ని మళ్ళీ చివర నుంచి కట్టుకురావాలి. ఫ్యాన్లు కట్టేయకూడదు, థియేటర్‌లోనూ ఏదో ఒక హోరు ఉంటుంది. ఒకే వాక్యం దగ్గర మూడుసార్లు చెయ్యి లేస్తే తప్పు గొంతులో వెతకకుండా ఆ మాట ఎందుకంటున్నాడో పాత్రని అడగాలి. ఎందుకో తెలియని మాటకి ఊపిరి ఎంత పీల్చినా చాలదు.