మా పాత మారుతి 800 బ్రేకులు మొత్తం విప్పించాక తెలిసింది: నా అనుభవం

సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి కాలు అలాగే ఉంచితే పెడల్ మెల్లగా కిందికి జారిపోవడం మొదలైంది. వదిలి మళ్లీ తొక్కితే గట్టిగానే ఉండేది, దాంతో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, పాత బండి అంతేలే అన్నారు. మాది 2006 మోడల్ మారుతి 800, నాన్న కొన్నది. 15 ఏళ్లు నిండినప్పుడు ఆర్‌సీ రెన్యువల్ చేయించాం, ఆ ఐదేళ్ల గడువు కూడా దగ్గరపడింది, మళ్లీ బండి తీసుకెళ్లి ఆర్టీఏ వాళ్లకి చూపించాలి. ఈలోపే బ్రేకుల సంగతి తేల్చేద్దామని విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాను.

మెకానిక్ బాబాయ్ రెండుసార్లు తొక్కి చూసి, "లైనర్లు అయిపోయుంటాయి బాబూ, వెనక షూలు వేసేస్తే సరిపోద్ది" అన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. లైనర్లు, అంటే డ్రమ్ లోపలి షూల మీదుండే రాపిడి పొరలు, అరిగితే పెడల్ కిందికి దిగాక అందుకుంటుంది, నిజమే, కానీ తొక్కి పట్టుకున్నది జారదు. జారుతోందంటే ఒత్తిడి ఎక్కడో పోతోంది: బ్రేక్ ఆయిల్ బయటికైనా కారుతుండాలి, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్ కప్పు అరిగి, ఆయిల్ దాన్ని దాటుకుని వెనక్కైనా పోతుండాలి. మా బండికి రెండూ ఉన్నాయని తర్వాత తేలింది. "నాలుగు చక్రాలూ విప్పేద్దాం బాబాయ్, లేబర్ ఎంతయితే అంత ఇస్తాను" అన్నాను.

వెనక ఎడమ డ్రమ్ ఒక పట్టాన ఊడిరాలేదు. లోపలి అంచున తుప్పు గట్టుకట్టి షూలకి అడ్డం పడింది, హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా లూజ్ చేసి పుల్లర్ పెట్టి లాగితే గానీ కదల్లేదు. లోపలి నల్ల దుమ్ముని కుర్రాడు ఎయిర్ పెట్టి ఊదబోతే వద్దన్నాను, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మంచిది కాదు, తడిగుడ్డతో తుడిచాడు. షూలని డ్రమ్‌కి నొక్కే వీల్ సిలిండర్ మీది డస్ట్ రబ్బర్ కాస్త పైకి లేపితే లోపలంతా చెమ్మ. ఆయిల్ కారి ఒక షూ పూర్తిగా తడిసిపోయింది. విచిత్రం ఏంటంటే లైనర్ మందం ఇంకా బాగానే ఉంది! కానీ ఆయిల్ పీల్చిన లైనర్‌ని ఎంత కడిగినా, గరుకు కాగితంతో ఎంత రుద్దినా లాభం లేదు, వేడెక్కితే లోపలిది మళ్లీ పైకి వస్తుంది. షూలు ఒక్క వైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడల్లా బండి పక్కకి లాగుతుంది, అందుకని రెండు వైపులా కొత్తవి వేయించాను. డ్రముల లోపలివైపు నునుపు చేయించడానికి లేత్‌కి పంపేముందు ఒకటి చూసుకోండి, ఎంత వరకు కోయొచ్చో ఆ గరిష్ఠ కొలత డ్రమ్ మీదే ఉంటుంది, అది దాటితే కొత్తది కొనడమే.

వీల్ సిలిండర్లకి కొత్త రబ్బర్ల కిట్ వేస్తే చాలన్నాడు బాబాయ్. లోపలి గోడ మీద వేలు పెట్టి చూస్తే తుప్పు తిన్న గుంటలు తగిలాయి, ఆ గరుకు మీద కొత్త రబ్బరు మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది? సిలిండర్లే కొత్తవి తెప్పించాను. మారుతి వాళ్లు ఈ కారు తయారీ 2014లోనే ఆపేసినా ఇలాంటి సామాను ఇప్పటికీ దొరుకుతోంది, అదొక్కటే అదృష్టం.

అసలు గొడవ పెట్రోల్ గిన్నె దగ్గర వచ్చింది. ముందు చక్రం కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) విప్పి, పిస్టన్‌తో పాటు కొత్త సీల్ కూడా పెట్రోల్‌లో పడేయబోయాడు కుర్రాడు. మన షెడ్లలో ఏది కడగాలన్నా పెట్రోలో డీజిలో కదా. బ్రేకుల రబ్బరుకి అవి రెండూ విషం, ఉబ్బిపోయి మెత్తబడిపోతుంది. రబ్బరుని బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, గ్రీజు రాయాలన్నా మామూలు గ్రీజు కాదు, రబ్బర్ గ్రీజే. బాబాయ్‌కి కోపం వచ్చింది, "ముప్పై ఏళ్ల నుంచి ఇలాగే చేస్తున్నాం" అన్నాడు, కాసేపయ్యాక తనే కొత్త ఆయిల్ డబ్బా మూత తీశాడు. నేనూ రెట్టించలేదు. ఆ సీల్ పని ఆయిల్ ఆపడం ఒక్కటే కాదు, కాలు తీయగానే పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగేది కూడా అదే. అది గట్టిపడితే ప్యాడ్ డిస్కుని వదలదు, చక్రం బాగా వేడెక్కిపోతుంది. కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు బిగుసుకుపోయినా అంతే, మా కుడివైపు ప్యాడ్లలో లోపలిది రేకులా అయిపోయింది, బయటిది సగం కూడా అరగలేదు.

రబ్బరు హోసులు వంచి చూస్తే పగుళ్లు కనిపించాయి, అవీ మార్చాం. మాస్టర్ సిలిండర్ కూడా కొత్తదే వేశాం.

బయటికి వచ్చిన పాత ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. తిరుమల ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేక్ మీద కాలు పెడితే మరిగి ఆవిరి బుడగలు వచ్చేది ఇలాంటి ఆయిలే, అప్పుడు పెడల్ తొక్కినా ఏమీ తగలదు. కొత్త డబ్బా సీలు నా ముందే తీయించాను. పైపుల్లో చిక్కిన ఎయిర్ తీసేటప్పుడు నేను లోపల కూర్చుని "తొక్కు, పట్టు" అన్నప్పుడల్లా తొక్కి పట్టుకుంటే, కుర్రాడు దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి ఒక్కో నిపుల్ (గాలి బయటికి వదిలే చిన్న మర) వదిలాడు. కాస్త ఆయిల్ ఫెండర్ మీద పడింది, వెంటనే నీళ్లు కొట్టించాను, లేకపోతే పెయింట్ లేచిపోయేది.

ఖాళీ రోడ్డు మీద 50 దాకా వెళ్లి పూర్తిగా ఆపకుండా స్పీడు తగ్గించడం, మళ్లీ పెంచడం, అలా కొంతసేపు తిప్పాం, కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలిగా. ఇప్పుడు కాలు ఎంతసేపు ఉంచినా పెడల్ ఉన్నచోటే ఉంటోంది. హ్యాండ్ బ్రేక్ మాత్రం ఇంకా చాలా పైకి లాగితే గానీ పట్టడం లేదు, కేబుల్ సాగిపోయిందట, ఆర్టీఏకి తీసుకెళ్లేలోపు అదీ మార్పించాలి.