నీళ్ల మీదుగా కొట్టేముందు: మారిషస్ వెళ్లే విశాఖ గోల్ఫర్ల కోసం

ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో మధ్యాహ్నం పూట ఆడేవాళ్లకి సముద్రపు గాలి కొత్త కాదు. మారిషస్‌లోని ఇల్ ఓ సెర్ఫ్ సంగతి వేరు. ఆ చిన్న దీవికి పడవ మీద వెళ్లాలి. జర్మన్ గోల్ఫర్ బెర్న్‌హార్డ్ లాంగర్ గీసిన 18 హోల్స్ కోర్సు అది, పార్ 72 (అంటే మొత్తం ముగించడానికి లెక్కగట్టిన దెబ్బలు 72). చుట్టూ సముద్రం, లోపల చెరువులు. మనకి నైరుతి రుతుపవనాలు నడిచే నెలల్లో అక్కడ చలికాలం. ఆగ్నేయపు గాలి గట్టిగా వీచేదీ అప్పుడే.

స్కోరు పాడయ్యేది ముందు క్లబ్ ఎంచుకోవడం దగ్గరే. నీళ్లు దాటించాలంటే బంతి దొర్లి ఎంత దూరం పోతుందన్నది అనవసరం, గాల్లో ఎంత పోతుందన్నదే లెక్క. ఎదురుగాలి గంటకి ఒక మైలుంటే దూరం ఒక శాతం పెరిగినట్టు చూసుకోవాలి. 15 మైళ్ల గాలిలో 150 గజాల షాట్ 172 గజాలంత పడుతుంది. వెనకగాలి ఇచ్చేది అందులో సగమే. ఎదురుగాలిలో బలంగా బాదితే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి నీళ్లలోనే దిగుతుంది. మామూలు కన్నా రెండు మెట్లు ఎక్కువ దూరం కొట్టే క్లబ్ తీసి నెమ్మదిగా ఊపడం మేలు.

బంతి నీళ్లలో పడితే అందరూ చూసేది బుడగలు లేచిన చోటు. చూడాల్సింది అది కాదు, బంతి గట్టు గీతని చివరిసారి ఎక్కడ దాటిందన్నది. నీళ్ల హద్దుని (నియమాల్లో దీన్ని పెనాల్టీ ఏరియా అంటారు) చూపించేవి ఎర్ర కర్రలైతే ఆ బిందువు నుంచి రెండు క్లబ్ పొడవుల లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్, అంటే బంతిని చేత్తో కిందికి వదలడం. కొలవాల్సింది పట్టర్ కాకుండా సంచిలో అన్నిటికన్నా పొడవైన క్లబ్‌తో. పసుపు కర్రలైతే ఈ వెసులుబాటు లేదు: హోల్‌నీ ఆ బిందువునీ కలిపే గీత మీద వెనక్కి వెళ్లాలి, లేదా కొట్టిన చోటికే తిరిగి రావాలి. ఏదైనా పెనాల్టీ ఒక స్ట్రోకే. తప్పు చోట డ్రాప్ చేసి కొట్టేస్తే మాత్రం స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) ఇంకో రెండు.

బంతి నీళ్లలోకే పోయిందని తెలిసిపోయాక ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే పనికొస్తుందని ముందుగా కొట్టే రెండో బంతి) కొట్టడానికి వీల్లేదు. ఆ పేరుతో కొట్టిన రెండో బంతే ఆటలోకి వస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

2019 నుంచి పెనాల్టీ ఏరియాలో క్లబ్ నేలకి ఆనించవచ్చు, నీళ్లని తాకించవచ్చు. అలాగని బంతి సగమైనా నీటి పైన లేకపోతే దాని జోలికి పోకండి. ఇక తేలుతుందేమోనని ఎదురుచూడటం దండగ: 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడని, 45.93 గ్రాములు మించకూడని ఆ బంతి మామూలుగా ఉప్పునీళ్లలోనూ మునిగిపోతుంది.

నీళ్ల మీదుగా కొట్టే పార్ 3ల (మూడు దెబ్బల హోల్స్) దగ్గర డ్రాప్ జోన్, అంటే డ్రాప్ కోసం కోర్సువాళ్లు గుర్తుపెట్టిన చోటు, ఉందేమో టీ మీదకి రాకముందే స్కోర్‌కార్డు వెనకాల చూసుకోండి. ఉంటే, వెనక్కి వెళ్లి మళ్లీ అదే గాలికి ఎదురు కొట్టే బాధ తప్పుతుంది.