నానమ్మ ఎక్కని మెట్లు

చిన్నవాడు రోజూ మా నోటి నుంచి వినే తెలుగు మాటలను ఒకసారి కాగితం మీద రాసి చూశాను. లే, రా, తిను, ముఖం కడుక్కో, చెప్పులు వేసుకో, తొందరగా, వద్దు, చాలు, పడుకో. ఏడేళ్ల పిల్లవాడి మాతృభాష పావు కాగితంలో సరిపోయింది. పదకొండేళ్ల అమ్మాయి జాబితా కాస్త పొడుగు, అంతే తేడా. వారాంతపు తెలుగు తరగతిలో నేర్చుకున్న పళ్ల పేర్లు, రంగుల పేర్లు వాళ్లకు తెలుసు. కానీ ఆ మాటలతో వాళ్లు ఎవరికీ ఏ సంగతీ చెప్పలేదు. మా ఇంట్లో ఆజ్ఞలు తెలుగులో, కబుర్లు ఇంగ్లీషులో నడుస్తున్నాయని ఆ కాగితం చూశాకే తెలిసింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ వేసవిలో మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి మా దగ్గరికి, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మ్యాడిసన్‌కు వచ్చింది. పిల్లలంటే ఆమెకు ప్రాణం, వాళ్లకూ నానమ్మ ఒడి కావాలి. అయినా మాటలు రెండు వాక్యాలు దాటేవి కావు. "తిన్నావా బిడ్డా?" "తిన్నాను నానమ్మా." ఆ తర్వాత అమ్మ వాడి తల నిమిరేది, వాడు కాసేపు ఆనుకుని కూర్చుని వెళ్లిపోయేవాడు. అమ్మకు ఇంగ్లీషు రాదు. వీళ్ల తెలుగు అక్కడితో ఆగిపోతుంది.

ఆగస్టులో రెండు రాత్రులు గుడారం వేసుకుని ఉందామని బయలుదేరాం. విస్కాన్సిన్‌లో అందరూ వెళ్లేది డెవిల్స్ లేక్‌కు. వేసవి శనివారాల్లో అక్కడ కారు నిలపడానికే కష్టపడాలి. మేము ఆ దారి వదిలి ఇంకా ఉత్తరానికి, ఆడమ్స్ కౌంటీలోని రోష్-అ-క్రీ అనే చిన్న స్టేట్ పార్కుకు వెళ్లాం. మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. 13వ నంబరు రహదారి మీద ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు దాటితే చాలు, బల్లపరుపు నేల మధ్య చెట్ల నెత్తిన ఇసుకరాతి గుట్ట ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఎత్తు 300 అడుగులు. ఈదడానికి చెరువు లేదు, పడవలు లేవు, అంగడి లేదు. పైన్ చెట్ల కింద గుడారాల స్థలాలు, నీడలో చదునైన కాలిబాటలు, ఒక వాగు, ఆ గుట్ట. అంతే. పిల్లలు మొదటి గంటలోనే "ఇక్కడ ఏం చేస్తాం?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఇలాంటి చోట మొదట వచ్చే ఆ విసుగును పెద్దవాళ్లు కంగారుపడి పూడ్చకూడదని నా నమ్మకం. వేరే వినోదం లేకపోతే పిల్లలు మనుషుల వైపు తిరుగుతారు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె కోసం ఒక మడత మంచం తెచ్చాం. గుట్ట పైకి చెక్క మెట్లున్నాయి, 303. అవి తన వల్ల కావని అమ్మ చూడగానే చెప్పేసింది. కానీ గుట్ట దక్షిణపు ముఖం దగ్గరికి చక్రాల కుర్చీ కూడా వెళ్లేంత సులువైన బాట ఉంది. రాతి మీద పాత చెక్కుళ్లు, రంగు బొమ్మలు ఉన్నది అక్కడే. మొదటి సాయంత్రం అమ్మ నడకతోనే అందరం నడిచాం. చిన్నవాడు ముందుకు పరుగెత్తడం, వెనక్కి రావడం, మళ్లీ పరుగెత్తడం.

ఆ బాట పక్కన ఇసుకలో అమ్మ ఆగిపోయింది. "ఇది నాగజెముడు కదా! మంచు కురిసే దేశానికి ఇది ఎట్లా వచ్చింది?"

అరచేతి కన్నా చిన్న ఆకులు, నేలకు అంటుకుని, ముళ్లతో. నిజంగానే నాగజెముడు. విస్కాన్సిన్ నడిమి భాగపు ఇసుక నేలల్లో అది సహజంగా పెరుగుతుంది. చలికాలం వచ్చేముందు ఆకుల్లోని నీటిని తగ్గించుకుని, ముడతలు పడి నేలకు ఒదిగి, మంచు కింద బతికేస్తుంది. నేను ఆ సంగతి చెబుతుంటే అమ్మాయి ఫోనులో వెతికి, నాగజెముడు జాతి పుట్టిల్లే అమెరికా ఖండాలని, ఐరోపా వాళ్ల ఓడలెక్కి అది భారతదేశం చేరిందని చదివింది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ చాలాసేపు ఆ మొక్క వైపే చూసింది. చిన్నప్పటి నుంచి పొలం గట్ల మీద చూసిన మొక్క, తమ ఊరిదే అనుకున్న మొక్క. "అయితే ఇది మన దగ్గరికి వచ్చిన చుట్టమా?" అంది. అమ్మాయికి 'చుట్టం' అన్న మాట తెలియదు. అడిగింది. ఆ రెండు రోజుల్లో వాళ్లు అడిగిన మొదటి మాట అది. నేను చెప్పబోతుంటే అమ్మ నన్ను ఆపి తనే చెప్పింది: "మన ఇంటికి వచ్చేవాళ్లు. మనం వాళ్ల ఇంటికి పోయేవాళ్లం."

గుట్ట మొదట్లో చిన్నవాడు రాతిని అరచేత్తో రుద్దాడు. చెయ్యంతా ఇసుక. రాయి ఊడిపోతోందని ఇంగ్లీషులో అరిచాడు. ఆ ఇసుక ఇప్పటిది కాదు. సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది, దాని అడుగు ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. చుట్టూ ఉన్నది కోసుకుపోగా గట్టిగా ఉన్న భాగం ఇలా మిగిలింది. మంచుయుగం చివర్లో ఈ ప్రాంతమంతా పెద్ద చల్లని సరస్సు. ఈ గుట్టలు అప్పుడు నీటి మధ్య దీవులు. వేల ఏళ్ల కిందట సరస్సుకు ఆనకట్టలా నిలిచిన మంచు తెగింది. రోజుల వ్యవధిలో నీరంతా దక్షిణానికి దూకి, ఇప్పుడు విస్కాన్సిన్ డెల్స్ అని పిలిచే లోయను కోసుకుంటూ పోయింది. మనం నడుస్తున్నది ఆ సరస్సు అడుగు మీద అంటే చిన్నవాడు కాళ్లెత్తి చూసుకున్నాడు. ఇదంతా వాడికి ఇంగ్లీషులో చెప్పి, అమ్మకు మళ్లీ తెలుగులో చెప్పాను. రెండోసారి చెబుతున్నప్పుడు వాడు వెళ్లిపోకుండా నిలబడి విన్నాడు. కథ ముందే తెలుసు కాబట్టి మాటలు వాడికి అందుతున్నాయి. ఇంట్లో మేమెప్పుడూ చేయని పని ఇదే. తెలిసిన సంగతిని తెలియని మాటల్లో వినే అవకాశం పిల్లలకు ఇవ్వలేదు.

బొమ్మల దగ్గర అమ్మే మాకు గురువైంది. రాతి మీద పక్షులు, బాణాలు, పడవలు చెక్కి ఉన్నాయి. కొన్ని చోట్ల వెలిసిపోయిన ఎరుపు. ఏ రంగు అది అని అమ్మాయి అడిగింది. అమ్మ కంచె అవతలి నుంచే కళ్లు చికిలించి చూసి "జాజు" అంది. పుస్తకాల్లో జేగురు అంటారు, మా వైపు జాజు. పండుగ ముందు గోడల అడుగున, గడప చుట్టూ పూసే ఎర్రమన్ను. నీళ్లలో ఎలా నానబెడతారో, పాత గుడ్డతో ఎలా అద్దుతారో, ఆరాక పైన ముగ్గుపిండితో చుక్కలు ఎలా పెడతారో చేతులతో చూపిస్తూ చెప్పింది. పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. అన్ని మాటలూ తెలియకపోయినా, చేతులు చెప్పేది తెలుస్తోంది.

అప్పుడు నాకు పాండవుల గుట్ట గుర్తొచ్చింది. భూపాలపల్లి జిల్లాలో ఉన్న ఆ గుట్ట కూడా ఇసుకరాయే. అక్కడి రాతి గుహల్లోనూ ఇలాంటి ఎర్రటి బొమ్మలున్నాయి. నేను పెరిగిన ఊరి నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. వేల మైళ్లు దాటి వచ్చి వేరేవాళ్ల పూర్వీకుల బొమ్మల ముందు నిలబడ్డాక గానీ మా వైపు బొమ్మలు చూడాలని అనిపించలేదు. ఆ మాట పిల్లలకు అలాగే చెప్పాను.

ఈ బొమ్మలు ఈ నేల ఆదివాసులైన హో-చంక్ జనం పూర్వీకులవి. ఆ పేరుకు అర్థం పవిత్రమైన వాక్కు గలవాళ్లని. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం వాళ్లను ఈ నేల నుంచి ఒకసారి కాదు, పదేపదే వెళ్లగొట్టింది. చాలామంది నడిచి తిరిగి వచ్చారు. ఇవాళ వాళ్ల భాషను ధారాళంగా మాట్లాడేవాళ్లు చాలా కొద్దిమందే మిగిలారు, ఆ జాతి ప్రభుత్వమే పూనుకుని పిల్లలకు నేర్పిస్తోంది. మా కథనూ వాళ్ల కథనూ ఒకటిగా నేను చెప్పను. మేము టిక్కెట్టు కొనుక్కుని, కావాలని వచ్చినవాళ్లం. వాళ్ల నోటి నుంచి భాషను లాక్కున్నారు. మా ఇంట్లో అది చేజారుతుంటే, పట్టుకోవడానికి చేతులు ఖాళీగానే ఉన్నాయి.

అదే రాతి మీద, పాత బొమ్మల నడుమ, తర్వాతి కాలంలో ఇటు వచ్చినవాళ్లు చెక్కిన పేర్లూ తేదీలూ ఉన్నాయి. అమ్మాయి వాటిని చదివి, తర్వాత నా చొక్కా పట్టుకుని నెమ్మదిగా అడిగింది: "నాన్నా, ఎవరూ చూడని మూల నా పేరు తెలుగులో రాయనా?" తెలుగు రాయమంటే కాగితం పక్కకు నెట్టే పిల్ల అలా అడిగింది. నాకు గొంతు పట్టేసింది. అయినా వద్దన్నాను. ఎందుకో కూడా చెప్పాను. గోరు గీతకే రాలే రాయి ఇది, పైగా ఇవి ఇంకొకరి పెద్దల చేతి గుర్తులు. తనకు అర్థమైంది. ముఖం మాత్రం చిన్నబోయింది.

గుడారం దగ్గరికి వచ్చాక అమ్మ మంచం మీద కూర్చుని, కాలితో కింద ఇసుక చదును చేసి, "రా బిడ్డా, ఇక్కడ రాద్దాం" అంది. మా అమ్మమ్మ కాలంలో వీధిబడిలో ఇసుక పోసి దిద్దించేవారట. పలకలు తర్వాత వచ్చాయి. అమ్మాయి వేలు పట్టుకుని తన వేలితో తిప్పించింది. 'అ' పొట్ట, 'ఆ' తోక, 'ఇ' మెలిక. తప్పు పోతే అరచేత్తో తుడిచేయడమే, ఎర్ర సిరా లేదు. చీకటి పడేలోగా అమ్మాయి తన పేరు, తమ్ముడి పేరు, నానమ్మ పేరు రాసింది. పేరు పెట్టి పిలవరు కాబట్టి, నానమ్మ పేరేమిటో తనకు అప్పటివరకూ తెలియదు.

రాత్రి నెగడు వేశాం. ఇక్కడ కట్టెలకూ నియమం ఉంది. పార్కుకు పది మైళ్ల లోపల దొరికినవి గానీ, ధ్రువీకరించినవి గానీ తప్ప ఇంటి నుంచి మోసుకురాకూడదు. బూడిద చెట్టు అని కొందరు తెలుగులో రాసే యాష్ చెట్లను ఒక పచ్చ పురుగు చంపేస్తోంది, అది కట్టెల్లోనే ప్రయాణం చేస్తుంది. అందుకే కట్టెలు దారిలో కొన్నాం. నిప్పు పని మాత్రం అమ్మదే. ముందు చితుకులు, తర్వాత సన్న చీలికలు, అవి అంటుకున్నాకే మొద్దు. చిన్నవాడికి ఇంతకాలం ఇదంతా ఒకే మాట, 'ఫైర్'. ఆ రాత్రి అది విడిపోయింది. మంట వేరు, సెగ వేరు, పొగ వేరు, కణిక వేరు. మొక్కజొన్న కంకులు కాల్చడానికి పుల్లతో పైపొర తొలగించి, బూడిద కింద ఎర్రగా ఉన్న నిప్పును చూపించి "ఇది నివురు గప్పిన నిప్పు. చల్లారినట్టే ఉంటుంది, చెయ్యి పెడితే కాలుతుంది" అంది. వాడు రాత్రంతా ఎవరు దగ్గరికి వచ్చినా "నివురు ఉంది, చూసుకో" అని హెచ్చరించాడు. మా వాడు తెలుగులో ఒకరికి జాగ్రత్త చెప్పడం అదే మొదలు. ఆజ్ఞలు వినే భాషలో వాడే ఆజ్ఞ ఇచ్చాడు.

ఆగస్టు రెండో వారం కాబట్టి ఉల్కలు రాలుతున్నాయి. పెర్సీయిడ్‌లు ఉద్ధృతంగా కురిసే రోజులవి. చంద్రుడు లేడు. పైన్ కొమ్మల మధ్య తెల్లటి చార కనిపిస్తే అమ్మాయి 'మిల్కీ వే' అంది. అమ్మ "మేము పాలవెల్లి అంటాం" అంది. "వినాయకుడి మీద కడతామే, అదా?" అని అమ్మాయి లేచి కూర్చుంది. ఏటా చవితికి పుల్లల చట్రానికి పళ్లు కట్టి దేవుడి తల మీద వేలాడదీస్తాం. అది ఆకాశమని నేనెప్పుడూ చెప్పలేదు. మరో చవితి మూడు నాలుగు వారాల్లో రాబోతోంది.

రెండో రోజు పొద్దున గుట్ట ఎక్కాం. అమ్మ కింద బల్ల మీద కూర్చుంది. చిన్నవాడితో ఒక ఒప్పందం పెట్టుకుంది: మెట్లు తెలుగులో లెక్కపెట్టాలి, పైన ఏముందో వచ్చి చెప్పాలి, తను చూడలేదు కదా. ఇరవై దాకా బాగానే వెళ్లింది. ఇరవై తొమ్మిది తర్వాత ఆగాడు. అక్క 'ముప్పై' అందించింది. నలభై, యాభై వచ్చేసరికి ఇద్దరికీ వరస దొరికింది. మధ్యలో ఆగడానికి అరుగులున్నాయి, అక్కడ ఊపిరితో పాటు అంకె కూడా మరిచిపోయి, రెండుసార్లు కిందికి దిగి మళ్లీ ఎక్కారు. పైన గాలి. చదునైన నేల నాలుగు దిక్కులా, అందులో అక్కడొకటి అక్కడొకటిగా వేరే గుట్టలు, నీళ్లు లేని సముద్రంలో దీవుల్లాగే. మా కంటి ఎత్తులోనే నల్లటి పెద్ద పక్షులు రెక్కలు కదపకుండా తిరుగుతున్నాయి.

దిగాక వాడు నాకన్నా ముందు పరుగెత్తాడు. నేను కావాలనే వెనకబడి, ఆఖరి మలుపులో నిలబడి విన్నాను.

"నానమ్మా, మూడు వందల మూడు!"

"పైన ఏముంది బిడ్డా?"

వాడు ఆలోచించాడు. "గాలి ఉంది. చాలా... చాలా గుట్టలు. చిన్నవి. పక్షులు ఉన్నాయి, నల్లవి. ఎగరడం లేదు." అది సరిగ్గా రాలేదని వాడికే తెలిసింది. చేతులు రెండూ చాచి, కదపకుండా, బల్ల చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. "ఇట్లా."

"రాబందులు," అంది అమ్మ. "తల ఎర్రగా ఉందా?"

"ఆగు, చూసి వస్తాను," అని వాడు మళ్లీ మెట్ల వైపు పరుగెత్తాడు.