మిల్లు కంప్యూటర్లో ప్రోగ్రాం నడిచేదాకా: కంపైలర్, రన్‌టైమ్ ఫైళ్లతో నా అనుభవం

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు కోసం, వేబ్రిడ్జి నుంచి లారీ బరువు తీసుకుని స్లిప్పు ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రాం సీ++లో రాశాను. రాయడం తొందరగానే అయిపోయింది. దాన్ని నా ల్యాప్‌టాప్ దాటించడమే అసలు పని. మిల్లులో విండోస్ 7, నెట్ లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. కాబట్టి ఇన్‌స్టాలర్ మాటే లేదు, ఫోల్డర్ కాపీ చేస్తే చాలు నడవాలి.

రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగల ఎక్సె ఫైలుగా మార్చేది కంపైలర్. నాకు అలవాటైంది మింగ్‌డబ్ల్యూ జీసీసీ అనే కంపైలర్. అందులో ‘-స్టాటిక్’ అని చేరిస్తే జీసీసీ రన్‌టైమ్, అంటే ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే రెడీమేడ్ కోడ్, ఎక్సె ఫైల్లోకే వచ్చేస్తుంది. జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీలకు లైసెన్సులో ప్రత్యేక మినహాయింపు ఉంది కనుక మన కోడ్ బయటపెట్టాల్సిన పనీ లేదు.

చిక్కల్లా కాటాతో ఇచ్చిన లైబ్రరీ (కాటా నుంచి బరువు చదివే రెడీమేడ్ కోడ్) దగ్గర వచ్చింది. అది మైక్రోసాఫ్ట్ కంపైలర్ విజువల్ సీ++తో కట్టింది, నిండా సీ++ క్లాసులే. ఫంక్షన్ల పేర్లను ఈ రెండు కంపైలర్లూ లోపల వేర్వేరుగా మార్చి రాసుకుంటాయి, అందుకే కోడ్ ముక్కల్ని కలిపే జీసీసీ లింకర్‌కి అవి దొరకవు. మామూలు సీ ఫంక్షన్లే ఇచ్చి ఉంటే ఏ కంపైలరైనా సరిపోయేది. విజువల్ సీ++యే వాడాలని అక్కడితో తేలిపోయింది.

విజువల్ సీ++లో ‘/ఎంటీ’ పెడితే రన్‌టైమ్ ఎక్సెలో కలిసిపోతుంది, ‘/ఎండీ’ పెడితే డీఎల్‌ఎల్‌లనే విడి ఫైళ్లుగా బయట ఉంటుంది. ఒక్క ఫైలుతో పోతుందంటే ఎవరికైనా ‘/ఎంటీ’ మీదికే మనసు పోతుంది. కానీ ఈ లైబ్రరీ బరువును సీ++ స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఆబ్జెక్టుగా ఇస్తుంది. ఆ మెమరీని తీసుకునేది దాని రన్‌టైమ్, వదిలేది నా ఎక్సెలోని ఇంకో రన్‌టైమ్ అయితే ప్రోగ్రాం క్రాష్ కావచ్చు. రెండూ ఒకే రన్‌టైమ్ పంచుకోవాలి కాబట్టి ‘/ఎండీ’యే వాడాను.

ఎక్సె పక్కన వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 అనే విజువల్ సీ++ (వీసీ) రన్‌టైమ్ డీఎల్‌ఎల్‌లు పెట్టి పంపాను. మిల్లు గుమస్తా ఫోన్ చేశాడు: “సార్, ఇంకా ఏదో డీఎల్‌ఎల్ లేదంటుంది.” అది యూనివర్సల్ సీ రన్‌టైమ్, సీ భాష మూల ఫంక్షన్లుండే భాగం. విండోస్ 10లో సిస్టంతోనే వస్తుంది, 7లో అప్‌డేట్‌గా వేసుకోవాలి, దానికి మళ్లీ అడ్మిన్ కావాలి. అదృష్టం కొద్దీ, విండోస్ ఎస్‌డీకే (ప్రోగ్రాములు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే కిట్)లోని రెడిస్ట్ ఫోల్డర్ నుంచి ఆ రన్‌టైమ్ ప్రధాన ఫైలైన యూసీఆర్‌టీబేస్‌నూ దాని వెంట ఉండే చిన్న చిన్న ఫైళ్లనూ మన ఫోల్డర్లోనే పెట్టుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. మన ఎక్సె 32 బిట్ అయితే ఇవీ 32 బిట్‌వే కావాలి. 64 బిట్‌వి పెడితే చివర 7బీ అని ఉండే ఎర్రర్ వస్తుంది, అందులో ఏ ఫైల్ తేడానో ఉండదు.

ఏమేం డీఎల్‌ఎల్‌లు కావాలో విజువల్ స్టూడియో (విజువల్ సీ++ ఉండే ప్యాకేజీ)తో వచ్చే డంప్‌బిన్ అనే టూల్ చెబుతుంది గానీ నేరుగా వాడేవాటినే చూపిస్తుంది. ఒక్కో డీఎల్‌ఎల్ మీదా విడిగా నడపాలి. ఆపైన విజువల్ స్టూడియో వాసన కూడా తగలని విండోస్ 7 వర్చువల్ మెషీన్లో (నా కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లో) నడిపి చూశాకే రెండోసారి పంపాను. స్లిప్పు వచ్చింది.

ఇలా పక్కన పెట్టిన వీసీ రన్‌టైమ్ ఫైళ్లను విండోస్ అప్‌డేట్ ముట్టుకోదు. సెక్యూరిటీ సవరణలు వచ్చినా అవి పాతవిగానే ఉండిపోతాయి. అందుకే మిల్లుకి కొత్త బిల్డ్ పంపినప్పుడల్లా వాటినీ మార్చి పంపుతున్నాను.