హార్వే తర్వాత నేను రాసిన చీటీలు

హ్యూస్టన్‌లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం, వీధుల్లో నిలబడి చెత్త లారీలకు చీటీలు రాయడం. 2017 సెప్టెంబరు. హెచ్-4 వీసా మీద వచ్చిన నాకు వర్క్ పర్మిట్ చేతికొచ్చి రెండు నెలలు కాలేదు, ఆగస్టు చివర్లో హార్వే తుఫాను వచ్చింది. నాలుగు రోజులు వాన వదల్లేదు. మేం రెండో అంతస్తులో ఉన్నాం కాబట్టి గట్టెక్కాం. పక్క కాలనీల్లో ఇళ్లలోకి మోకాళ్ల దాకా నీళ్లు.

నీళ్లు తీశాక ప్రతి ఇంటి ముందూ ఒక గుట్ట. నానిపోయిన షీట్‌రాక్ (జిప్సం పలకల) గోడలు, కార్పెట్లు, పరుపులు, పిల్లల పుస్తకాలు, తలుపు తెరుచుకోకుండా టేపు చుట్టిన ఫ్రిజ్‌లు. ఎండకి ఆ గుట్టల్లోంచి వచ్చే ముక్కిపోయిన వాసన ఇంటికెళ్లి తలంటుకున్నా పోయేది కాదు.

సిటీ హద్దు దాటిన వీధుల్లో ఈ చెత్త ఎత్తించాల్సింది హ్యారిస్ కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. లారీలు ఒక కాంట్రాక్టరువి, లెక్క రాసే మాలాంటి మానిటర్లు వేరే కంపెనీ మనుషులు. ఎత్తేవాళ్లే లెక్క రాసుకోకూడదని ఆ ఏర్పాటు. ఏ లారీలో ఎన్ని క్యూబిక్ గజాలు పడుతుందో ముందే కొలిచి, నంబరుతో సహా దాని పక్కన అంటిస్తారు. లోడయ్యాక నేను వీధి పేరు, టైము, లారీ నంబరు రాసి డ్రైవరుకిస్తాను. చెత్త దించే యార్డులో టవరెక్కి నిలబడ్డ ఇంకో మానిటర్ పైనుంచి చూసి ఎంత శాతం నిండిందో వేస్తారు. ముందు ఖర్చు పెట్టేది కౌంటీ. అందులో కనీసం 75 శాతం తర్వాత కేంద్రం తరఫున విపత్తుల సంస్థ ఫెమా తిరిగిస్తుంది. చీటీ సరిగ్గా లేకపోతే ఆ లోడు డబ్బు వెనక్కి రాదు. అందుకే చేతులు వణికేలా అలసిపోయిన రోజు కూడా అంకెలు దిద్ది దిద్ది రాసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "తెలుగమ్మాయివేనా తల్లీ?" అన్నారు. కాకినాడ నుంచి కొడుకింటికి వచ్చారట.

"ఇక్కడ కలెక్టరెవరమ్మా?"

"కౌంటీ జడ్జి, బాబాయిగారూ."

"జడ్జికీ తుఫానుకీ ఏంటమ్మా సంబంధం?"

నాకూ మొదట్లో అదే అనుమానం. టెక్సస్‌లో ఆ పదవికి పేరే జడ్జి, నిజానికి జనం ఓట్లేసి ఎన్నుకున్న కౌంటీ పెద్ద. విపత్తు వస్తే చట్ట ప్రకారం బాధ్యత ఆయనదే. అప్పుడున్నది ఎడ్ ఎమ్మెట్. కౌంటీ బోట్లు చాలనప్పుడు, పడవలున్న మామూలు జనాన్ని సాయానికి రమ్మని ఆయన బాహాటంగా అడిగారు. 2014లో హుద్‌హుద్ అప్పుడు నేను విశాఖలోనే ఉన్నాను. ముఖ్యమంత్రి మా ఊళ్లో బస్సులోనే మకాం పెట్టి పనులు నడిపించారు. ఇక్కడ వరస వేరు. చేతనైనంత కౌంటీ చేసుకుని, మిగిలింది రాష్ట్రాన్ని అడగాలి. రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. మా బలం చాలదు అని సాయం అడగడానికి ఎమ్మెట్ మొహమాటపడలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

బాబాయిగారి గుట్ట సరిగ్గా కరెంటు తీగల కింద ఉంది. లారీ మీద ఇనప పంజా పైకి లేస్తే తీగలకి తగులుతుంది, అక్కడ ఎత్తకూడదు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉండేది. ఇంతకన్నా కష్టం, "మీరు రోడ్డుకి అటువైపు, మీది సిటీ కిందికి వస్తుంది, మీ దగ్గర మేం ఎత్తకూడదు" అని చెప్పడం. ఇల్లు మునిగినవాళ్లకి హద్దులు చెబితే ఏం వింటారు?

ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. "ఎక్కడికి జరపాలో చూపించమ్మా" అన్నారు. నాలుగు ఇళ్ల అవతల ఖాళీగా ఉన్న రోడ్డంచు చూపించాను. మర్నాడు ఏడింటికి వెళ్లేసరికి గుట్ట అక్కడుంది. పక్కింటి మెక్సికన్ కుర్రాళ్లతో కలిసి రాత్రి చక్రాల బండి మీద చేరవేశారట. ఆయన అరచేతులకి బొబ్బలు. నేను చీటీలో టైము వేశాను, 7.40.

సాయంత్రం డ్రైవరు చెప్పాడు, టవర్ దగ్గర ఆ లోడుకి 85 శాతం వేశారని.