అరుగు మీద సుద్దముక్కతో సిగ్నల్ జనరేటర్

సెలవు మీద ఊరొచ్చి పన్నెండు రోజులైంది. మే నెల కదా, కాలువలు కట్టేశారు, లాకుల దగ్గర మిగిలిన మడుగుల్లో పిల్లలు చేపలు పట్టుకుంటున్నారు. నేనేమో అంబాజీపేట దగ్గర మా అక్కావాళ్ళ అరుగు మీద సుద్దముక్కతో సిగ్నల్ జనరేటర్ (అడిగిన ఫ్రీక్వెన్సీలో, అడిగినంత బలంతో రేడియో సిగ్నల్ పుట్టించే మిషన్) ముందు ప్యానెల్ గీస్తున్నాను. మేనల్లుడికి షార్జాలో ఉద్యోగం వచ్చింది, నాలాగే క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో, అంటే పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో సరిచూసే చోట, వచ్చే నెల ప్రయాణం. డిప్లొమాలో దీన్ని ఎన్నిసార్లు ముట్టుకున్నావురా అని అడిగితే, "ఒకసారి మావయ్యా, ఆఫ్ చేయమన్నారు" అన్నాడు.

నవ్వాను గానీ నా సంగతీ అంతే. పది మందికి ఒక బెంచీ, ముందు నిలబడ్డ ఇద్దరు తిప్పేవాళ్ళు, మిగతా వాళ్ళం వెనక నుంచి మెడలు సాచి రీడింగులు రాసుకునేవాళ్ళం, రికార్డు పుస్తకాలు మాత్రం పదీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవి. ఆ రికార్డుకి మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్వ్యూలో "వాడావా?" అంటే వాడానన్నాను. ఆ ఒక్క అబద్ధానికి మొదటి ఆరు నెలలూ రోజూ వడ్డీ కట్టాను.

మొదటి రోజు 100 మెగాహెర్ట్జ్ పెట్టమన్నారు. ఫ్రీక్వెన్సీ బటన్ నొక్కాను, 1, 0, 0 కొట్టాను, చూస్తూ నిలబడ్డాను. ఏమీ జరగలేదు. సరిగ్గా నొక్కలేదేమో అని మళ్ళీ కొట్టాను, 100100 అయింది. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, ల్యాబ్‌లో ఏసీ 23 దగ్గర ఉంటుంది, అయినా నాకు చెమటలు. విషయం ఏమిటంటే యూనిట్ బటన్ నొక్కేదాకా అంకెని మిషన్ తీసుకోదు. మెగాహెర్ట్జ్ అనే బటనే అక్కడ ఎంటర్. సంతలో కొబ్బరికాయల బేరం లాంటిదే, వంద అంటే సరిపోదు, వంద కాయలా వంద రూపాయలా చెప్పాలి.

ఇంకో రోజు ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పాడుచేసేశానని గుండె జారిపోయింది. తెర మూలన రిమోట్ అని చిన్న అక్షరాలున్నాయి, నేను చూసుకోలేదు. వెనక జీపీఐబీ కేబుల్ ద్వారా కంప్యూటర్ దాన్ని నడుపుతోంది, అలాంటప్పుడు ముందు బటన్లు పనిచేయవు. పక్క బెంచీ మలయాళీ చేట్టన్ వచ్చి లోకల్ అనే బటన్ నొక్కాడు, అంతే, ప్రాణం వచ్చింది. (టెస్ట్ నడుస్తుండగా మాత్రం దాన్ని నొక్కకూడదు, గంట నుంచి తీస్తున్న రీడింగులు గంగలో కలుస్తాయి. అది ఎలా తెలిసిందో అడగొద్దు.)

అసలు దెబ్బ మూడో నెలలో తగిలింది. ఒక రిసీవర్ వచ్చింది, ఇన్‌పుట్ 0 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) దాటకూడదని దాని మొహం మీదే రాసి ఉంది. మైనస్ 10 పెట్టాలి. మైనస్ బటన్ సరిగ్గా పడలేదు, తెర చూసుకోకుండా 10 డీబీఎం కొట్టేశాను. మైనస్ 10 అంటే 0.1 మిల్లీవాట్, ప్లస్ 10 అంటే 10 మిల్లీవాట్లు, సరిగ్గా వంద రెట్లు. పైగా ఆర్ఎఫ్, అంటే సిగ్నల్‌ని బయటికి వదిలే బటన్, అంతకుముందే ఆన్‌లో ఉంది. పొగా లేదు, చప్పుడూ లేదు, రిసీవర్ చెవిటిదైపోయింది, అంతే. మా కంపెనీ వాళ్ళు రెండు నెలలు జీతంలో కోశారు. ఇంటికి మాత్రం అక్కడి డబ్బుకి రేటు పడిపోయిందని చెప్పాను. మా అక్క నమ్మింది కూడా.

మా తాత లాకు దగ్గర లస్కరు, తలుపులు తీసి మూయడం ఆయన పని. పడవ వస్తే లాకులో నీళ్ళు రెండో వైపు మట్టానికి వచ్చేదాకా తలుపు ముట్టుకునేవాడు కాదు, పడవ సరంగు ఎంత అరిచినా సరే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ కాలువల మీద అదే పద్ధతి. మేనల్లుడికి అదే చెప్పాను: ఆర్ఎఫ్ ఆన్ నీకు లాకు తలుపురా, చివర నొక్కు. ముందు ప్రీసెట్ కొట్టి పాత సెట్టింగులన్నీ చెరిపెయ్, ఎందుకంటే నీకు ముందు షిఫ్టువాడు ఏం పెట్టి వెళ్ళాడో నీకు తెలీదు. తర్వాత ఫ్రీక్వెన్సీ, తర్వాత లెవెల్, అంటే సిగ్నల్ బలం, తర్వాత తెర మీద మైనస్ గుర్తుతో సహా చదువుకో, అప్పుడు కేబుల్, అప్పుడు తలుపు.

ఫంక్షన్ జనరేటర్ (రకరకాల ఆకారాల తరంగాలు పుట్టించే ఇంకో మిషన్) దగ్గర ఇంకో తమాషా ఉంది, అదీ చెప్పాను. 1 వోల్టు పెడితే స్కోపులో (తరంగాన్ని తెర మీద గీసి చూపే మిషన్) 2 కనిపిస్తుంది. నేనైతే జనరేటర్ పోయిందని రిపోర్టే రాసేశాను. అది అవతల 50 ఓములు ఉన్నాయనుకుని, సగం తన లోపలే పోతుందని లెక్క వేస్తుంది, స్కోపు ఇన్‌పుట్ ఏమో మెగా ఓము, దాదాపు ఏమీ పోదు. మెనూలో లోడ్ దగ్గర హై జెడ్ (అవతల చాలా ఎక్కువ ఓములు) అని మారిస్తే రెండూ ఒకే మాట చెబుతాయి.

వాడు మోకాళ్ళ మీద కూర్చుని సుద్ద గడుల మీద వేలుతో నొక్కుతున్నాడు. ప్రీసెట్. ఫ్రీక్వెన్సీ, 1, 0, 0, మెగాహెర్ట్జ్. లెవెల్, 1, 0... ఆగి నా మొహం చూశాడు, చెరిపేసి మైనస్ దగ్గరికి వెళ్ళాడు. ఇంతలో మా అక్క మజ్జిగ గ్లాసులతో వచ్చి గీతల మీదే కాలు పెట్టింది.

"అమ్మా, ఆర్ఎఫ్ ఆన్ చేసేశావ్!"

"ఏంటిరా చేసింది? ముందు తాగండి, ఆనక కడుగుతాను అరుగు."