సర్వర్‌లోని పత్రాన్ని లిబ్రెఆఫీస్‌లోనే తెరిచి దిద్దడం

మా ఊరి గ్రంథాలయం కోసం ముగ్గురం మిత్రులం ఒక ప్రత్యేక సంచికను సిద్ధం చేశాము. ఇద్దరు గుంటూరు, హైదరాబాదులలో ఉండగా నేను పుణేలో ఉండేవాడిని. వ్యాసాలన్నీ అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వర్‌లో ఉండేవి. ఎవరికి వారు ఫైలును దింపుకొని, దిద్ది, తిరిగి ఎక్కించేవారు. ఒకనాడు నేను దిద్ది ఎక్కించిన వ్యాసం మీదికి, అంతకుముందే దింపుకొన్న పాత ప్రతిని సవరించిన మిత్రుడు తన ఫైలును ఎక్కించడంతో నా సవరణలన్నీ సర్వర్‌లో చెరిగిపోయాయి. నా కంప్యూటరులో ఒక ప్రతి మిగిలి ఉండబట్టి సరిపోయింది గానీ, ఆ రెండింటినీ వాక్యం వాక్యంగా పోల్చి కలపడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

ఇందులో మిత్రుడి తప్పేమీ లేదు. దింపుకొన్న ఫైలును ఎవరు దిద్దుతున్నారో సర్వర్‌కు తెలిసే వీలే లేదు. ఆ వీలును కల్పించేది వెబ్‌డావ్. వెబ్ పేజీలను తెచ్చే హెచ్‌టీటీపీకే ఇది పొడిగింపు. 1999లో తొలిసారి వెలువడి, 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4918 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా సవరణ పొందింది. ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రెఆఫీస్ ఈ దారిలో పత్రాన్ని తెరిచినప్పుడు సర్వర్‌ను ముందుగా ఒక తాళం అడుగుతుంది. అది ఉన్నంతసేపు అదే పత్రాన్ని తెరవబోయిన రెండో వ్యక్తికి, వేరొకరు పనిచేస్తున్నారన్న సమాచారంతో పాటు, చదవడానికి మాత్రమే తెరిచే అవకాశం కనిపిస్తుంది. సర్వర్ కూడా తాళాన్ని పాటించేదై ఉండాలి. మేము అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోని మాడ్-డావ్ అనే భాగాన్ని వాడాము. తాళాల వివరాలను ఎక్కడ భద్రపరచాలో డావ్‌లాక్‌డీబీ అనే ఆదేశంతో దానికి చెప్పవలసి ఉంటుంది. పని మధ్యలో నెట్ పోతే, గడువు తీరేదాకా తాళం అలాగే ఉండిపోవచ్చు; అప్పుడు కొంత ఓపిక పట్టాలి.

లిబ్రెఆఫీస్ ఫైల్ మెనూలో ఇందుకు విడిగా ఒక అంశం 2016లో వచ్చిన 5.1 వెర్షన్ నుంచి ఉంది. అక్కడ సర్వర్ చిరునామా, ఫోల్డరు దారి, వాడుకరి పేరు ఒకసారి నమోదు చేస్తే చాలు. సురక్షిత కనెక్షన్ గడిని తప్పక ఎంచుకోవాలి. పాస్‌వర్డును దాచుకోదలిస్తే దాచిన వాటన్నిటినీ కాపాడే మాస్టర్ పాస్‌వర్డు కూడా పెట్టుకోవడం అవసరమని నా అభిప్రాయం.

ఆల్ఫ్రెస్కో వంటి పత్ర భాండారాలు ఉన్న పెద్ద సంస్థలకు సీఎంఐఎస్ అనే మరో ప్రమాణం ఉంది. ప్రమాణాలను రూపొందించే ఓయాసిస్ అనే సంస్థ దానిని 2010లో ఆమోదించగా, 2013 ఫిబ్రవరిలో వచ్చిన లిబ్రెఆఫీస్ 4.0 దానికి చోటిచ్చింది. అందులో పత్రాన్ని చెక్-అవుట్ చేసి (అంటే దిద్దడానికి మన పేరిట తీసుకొని), పని పూర్తయ్యాక వ్యాఖ్యతో సహా కొత్త వెర్షన్‌గా చెక్-ఇన్ చేయవచ్చు, అంటే తిరిగి అప్పగించవచ్చు. ముగ్గురి పనికి అంత ఏర్పాటు అక్కరలేదు.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవారు ఒక విషయం గమనించాలి. అక్షరాలను కంప్యూటరులో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వంటి ఒక్కో గుర్తుకు) 3 బైట్లు కావాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. లినక్స్ సర్వర్లలో సాధారణంగా వాడే ఎక్స్‌ట్-4 ఫైల్ వ్యవస్థలో పేరుకు 255 బైట్లే పరిమితి కనుక, వ్యాసం పూర్తి శీర్షికను ఫైలు పేరుగా పెడితే అది పట్టకపోవచ్చు. ఆ సంచికకు మేము వ్యాసం సంఖ్య, రచయిత ఇంటిపేరు మాత్రమే పేరుగా పెట్టి, శీర్షికను పత్రం లోపలే ఉంచాము.